నాలుగు నట్ల మీద గీతలు

ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలకు లక్ష్మణరావు పెన్ను మూత తీశాడు.

"ఆ మూత మళ్ళ పెట్టుండ్రి అంకుల్," అంది నవీన, స్టేషన్ ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి వస్తూనే. "సంతకం ఎక్కడికి పారిపోదు. నాకు అరగంట ఇయ్యుండ్రి."

లక్ష్మణరావు తలెత్తాడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఒక్క వారంలో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. ఆయన ముందు బల్ల మీద ఒక కాగితం, కాగితం పక్కన చల్లారిన టీ, టీ పక్కన కుర్చీలో హర్షవర్ధన్. ఈ మూడింట్లో నవీనకు గిట్టనిదేదో వేరే చెప్పనక్కర్లేదు.

లక్ష్మణరావు కూతురి కుటుంబం ఉండే మనురేవా నుంచి దక్షిణంగా గంటన్నర డ్రైవ్ చేస్తే టోటారా క్రీక్ వస్తుంది. అడవిలోంచి దుంగలు మోయడానికి వందేళ్ళ కిందట వేసిన రైలు మార్గమది. రైలంటే ప్రాణం పెట్టే ఒక సొసైటీవాళ్ళు ఇప్పుడు దాని మీద ఆవిరి ఇంజన్ నడుపుతూ శని, ఆదివారాల్లో జనాన్ని తిప్పుతున్నారు. దారిలో మూడు చెక్క వంతెనలున్నాయి. కిందటి శనివారం ఉదయం తొమ్మిదీ నలభైకి, కంకర బండిని లాక్కెళ్తున్న చిన్న డీజిల్ ఇంజన్ కింద రెండో నంబరు వంతెన కూలిపోయింది. ఇంజన్ నడుపుతున్న కొలిన్ మేసన్ చనిపోయాడు. ఆ వంతెన మీద బండ్లు నడపొచ్చని జనవరిలో సంతకం పెట్టినవాడు లక్ష్మణరావు. ఇండియన్ రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు వంతెనల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, రిటైరై ఈ దేశంలో ఉంటున్న కూతురు అమృత దగ్గరికి వచ్చి, ఖాళీగా కూర్చోవడం చేతకాక ఈ సొసైటీకి ఊరికే పనిచేసి పెడుతున్నాడు.

బల్ల మీది కాగితంలో నాలుగే వాక్యాలు. చెక్క కుళ్ళిన సంగతి గమనించలేదనీ, చూడకుండానే సంతకం పెట్టాననీ, తప్పు పూర్తిగా తనదేననీ. మూడు గంటలకు అది పోలీసులకు చేరాలి. చేరిందంటే కేసు, కోర్టు, బహుశా జైలు. నవీన ప్రైవేటు డిటెక్టివ్; ముందురోజు అమృత ఆమెకు ఫోన్లో ఏడుస్తూ మళ్ళీ మళ్ళీ చెప్పిన మాట ఒక్కటే: "నాన్న చూడకుండా సంతకం పెట్టే మనిషి కాదు నవీనా. ఎందుకు ఒప్పుకుంటున్నాడో నాకు చెప్పడం లేదు."

"నవీన గారూ, ఇది ఇన్సూరెన్స్ వాళ్ళ ఎంక్వైరీ," అన్నాడు హర్షవర్ధన్. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన ఇంజనీరు అతను. స్టీలు వంతెనల స్పెషలిస్టునని విజిటింగ్ కార్డు మీద వేయించుకున్నాడు. "నేను రిపోర్ట్ ఇచ్చేశాను. దుంగ లోపల కుళ్ళింది, విరిగింది. చాలా సింపుల్. పెద్దాయన్ని ఇంకా ఎందుకు హెరాస్ చేస్తారు?"

"నేను హెరాస్ చేస్తలేను సర్. మీరు పెన్ను అందిస్తున్నరు, నేను మూత పెట్టమంటున్న. ఎవరిది హెరాస్‌మెంటో ఆయన్నే అడగుండ్రి."

హర్షవర్ధన్ ముఖం కందగడ్డ అయింది. నవీన కుర్చీ లాక్కుని ముసలాయనకు ఎదురుగా కూర్చుంది. నోటుబుక్కు తీయలేదు. టైము అడిగేటప్పుడు ఆమె కళ్ళలోకి చూస్తుంది తప్ప కాగితం వైపు చూడదు.

"తొమ్మిది నలభైకి వంతెన కూలింది. మీరప్పుడు ఎక్కడున్నరు?"

"షెడ్డులోనమ్మా. చప్పుడు విన్నాను."

"మీరు ఎన్నింటికి చేరిన్రు?"

"పరిగెత్తలేను కదా. తొమ్మిదీ యాభై అయ్యుంటుంది."

"పోలీసులు వచ్చింది పదీ ముప్ఫై అయిదుకు. గేటు రిజిస్టర్ల ఉంది. మధ్యల నలభై అయిదు నిమిషాలు. మీరొక్కరే ఉన్నరు అక్కడ. ఏం చేసిన్రు?"

లక్ష్మణరావు టీ కప్పును అటు తిప్పి ఇటు తిప్పాడు. "కొలిన్ దగ్గర కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. అప్పటికే ప్రాణం పోయింది."

"నలభై అయిదు నిమిషాలు పట్టుకునే కూర్చున్నరా?"

ఆయన కప్పును దూరంగా జరిపాడు. నవీనకు జాలి వేసింది, ఆ జాలి మీద కోపమూ వచ్చింది. అబద్ధం చెప్పడం రాని మనుషులను ప్రశ్నించడం ఆమెకు పరమ చిరాకు. వాళ్ళు నోరు మూసుకుంటారు, అంతే.

"సరే, ఇంకోటి అడుగుత. నేను రిక్కార్టన్ ఊర్ల ఉండి సివిల్ ఇంజనీరింగ్ రెండేండ్లు చదివి ఇడిచిపెట్టిన. ఆ రెండేండ్లల్ల చెక్క వంతెన గురించి ఒక్క ముక్క చెప్పలే. అది ఎట్ల నిలబడ్తది అంకుల్?"

ఆ ప్రశ్నకు ముసలాయన నడుము నిటారైంది. బాధలో ఉన్నా సరే, తనకు తెలిసిన పని గురించి అడిగితే ఆయన నోరు ఆగదు.

"పైన ఒక దూలం, కింద ఒక దూలం అనుకో. మధ్యలో ఏటవాలుగా దుంగలు. ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో తెచ్చిన ఐరన్‌బార్క్ చెక్క, ఇనుములా ఉంటుంది. ఆ ఏటవాలు దుంగలకి మేకు లేదు, బోల్టు లేదు. కొసలు పోత ఇనుప దిమ్మల మీద ఊరికే ఆనించి ఉంటాయి. మరి పడవేం? పై దూలం నుంచి కింది దూలానికి నిలువుగా ఇనుప కడ్డీలుంటాయి. కడ్డీ పైకొసన నట్టు. నట్టు బిగిస్తే రెండు దూలాలూ దగ్గరకొచ్చి మధ్యలో దుంగల్ని నొక్కుతాయి. ఆ నొక్కుడే వంతెనమ్మా. నొక్కుడు పోయిందంటే బండి ఊపుకి దుంగ పక్కకి జారిపోద్ది."

"అంటే నట్టు వదులైతే..." అంది నవీన.

లక్ష్మణరావు చటుక్కున నోరు మూశాడు. ఆయన చూపు ఒక్క క్షణం కిటికీ బయటికి, వంతెన వైపు పోయి వచ్చింది. నవీన లేచి నిలబడింది.

"నడువుండ్రి అంకుల్. ఒకసారి చూసొద్దం."

* * *

ఒకటీ పద్దెనిమిదికి వాళ్ళు వాగు గట్టు మీదున్నారు. కూలిన వంతెన ఎదురుగా ఉంది. ఒక కొస ఇంకా రాతి దిమ్మ మీదే ఆనుకుని ఉంది. మధ్య భాగం నడుం విరిగి వాగులోకి దిగింది. పోలీసుల టేపు దాటడానికి కానిస్టేబుల్ అభ్యంతరం పెట్టలేదు. ఫొటోలు, కొలతలు అన్నీ అయిపోయాయి, ఇంకెవరికీ దానితో పని లేదు. చూడాల్సింది చూసేశామని అందరూ అనుకున్న చోటే నవీనకు ఆశ పుడుతుంది.

హర్షవర్ధన్ వెనకే వచ్చాడు. విరిగిన దుంగ కొసను చూపుడు వేలితో పొడిచాడు. "ఇదిగో, చూడండి. లోపల అరచేతి మేర మెత్తబడింది. క్లియర్ కేస్ ఆఫ్ రాట్."

"అది మెత్తబడిందని అంకుల్ జనవరి తనిఖీ పుస్తకంలనే రాసిండు. లోతు ఒక అంగుళం, మళ్ళ మార్చిల చూడాలె అని. దుంగ మందం పన్నెండు అంగుళాలు. మిగిలిన పదకొండు అంగుళాలకు ఏమైంది సర్?"

"అది టెక్నికల్ మేటర్. మీకు..."

"నాకు తెల్వదు. అందుకే చూస్తున్న."

ఆమె చెప్పులు విప్పి, వంగిన పై దూలం మీద చేతులు ఆనిస్తూ పాకింది. దూలం మీద వరుసగా ఇనుప కడ్డీల కొసలు. ఒక్కో కొసన పిడికిలంత చదరపు నట్టు, నట్టు కింద ఇనుప పలక. కూలకుండా మిగిలిన వైపు నుంచి ఆమె మొదలుపెట్టింది. మొదటి కడ్డీ: నట్టు పైన అయిదు మర చుట్లు బయటికి కనిపిస్తున్నాయి, వాటి నిండా నల్లటి తారు. రెండోది: అయిదు చుట్లు, తారు. మూడోది, నాలుగోదీ అంతే. లక్ష్మణరావు జనవరిలో బిగించి, పైన మిగిలిన మరలకు తుప్పు పట్టకుండా తారు పూశాడు. ప్రతి నట్టు మీద నుంచి పలక మీదికి ఒక పసుపుపచ్చ గీత, మైనపు సుద్దతో గీసింది. నట్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి, దూరం నుంచే తెలిసిపోతుంది.

కూలిన భాగంలో నాలుగు కడ్డీలున్నాయి. అయిదో నట్టు దగ్గర ఆమె ఆగింది. ఆరు, ఏడు, ఎనిమిది చూసి, మళ్ళీ అయిదు దగ్గరికే వచ్చింది.

"హర్షవర్ధన్ గారూ, మీరు ఈ నట్లు చూసిన్రా?"

"చూశాను. టైట్‌గా ఉన్నాయి. రిపోర్ట్‌లో రాశాను కూడా."

"ఎంత టైటు?"

"టైట్ అంటే టైటేనండీ. దానికి కొలతేంటి?"

"ఉంది సర్. లెక్క పెట్టుండ్రి. అటు నాలుగు కడ్డీలకు నట్టు పైన అయిదు చుట్లు. ఈ నాలుగింటికి తొమ్మిది. పైన అయిదు చుట్లకు తారు పూసి ఉండె, ఇప్పుడు ఆ తారు గీరుకపోయింది. అంటే నట్టు ఒకసారి ఆ మరల మీదికెల్లి పైకి ఎక్కింది. ఎవరో వదులు చేసిన్రు. ఇగ దాని కింద నాలుగు చుట్లు తారు అంటని కొత్త మరలు, గ్రీజుతోని మెరుస్తున్నయి. అవి ఎప్పుడూ నట్టు లోపలనే ఉండాలె. బయటపడ్డయంటే నట్టు దాని పాత జాగ కన్న కిందికి దిగింది. వంతెన నిలబడి ఉన్నప్పుడు అంత కిందికి దిగదు, మధ్యల దుంగలు అడ్డం ఉంటయి. దుంగలు జారినంక, ఈ దూలం అంగుళం కుంగినంక, అప్పుడు దిగుతది."

హర్షవర్ధన్ మెడ సాచి మరలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"అంటే కూలకముందు ఎవరో వదులు చేసిన్రు. కూలినంక ఎవరో బిగించిన్రు. మీరు టైటుగ ఉందని రాసింది ఆ రెండో బిగింపు గురించి."

గట్టు మీద లక్ష్మణరావు ఒక దుంగ మీద కూలబడ్డాడు. నవీన దూలం దిగి ఆయన దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు తగ్గించింది.

"అంకుల్, ఆ నాలుగు నట్ల మీద కూడ పసుపు గీత ఉంది. పైకి ఎక్కి కిందికి దిగిన నట్టు మీద పాత గీత కలవదు. ఇవి చక్కగ కలిసినయి. కూలినంక గీసిన గీతలవి. ఈ సొసైటీల ఆ గీత గీసేటోళ్ళు ఎంతమంది?"

ఆయన తలెత్తి ఆ నట్ల వైపు చూశాడు.

"గీశానా?"

"గీసిన్రు."

"తెలీదమ్మా. బిగించాక గీత గీయకుండా చెయ్యి ఎప్పుడూ ఊరుకోలేదు. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు." రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "కొలిన్ చెయ్యి చల్లబడేదాకా పట్టుకునే ఉన్నాను. తల ఎత్తితే నాలుగు నట్లూ వదులుగా కనబడ్డాయి. ఆ సైజు పానా ఒక్కటే ఉంది. అది పెట్టే షెడ్డు బీరువా తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. నా దగ్గరొకటి, మా అల్లుడి దగ్గరొకటి. వాడి మీదికి రాకూడదని బిగించేశాను."

అల్లుడు వినీత్ ఈ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అతను ఈ దేశంలో ఉండిపోవడానికి కావాల్సిన రెసిడెన్సీ కాగితాలు ఈ ఉద్యోగం మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ సంగతి అమృత నిన్ననే చెప్పింది. నవీనకు ఇప్పుడు అంతా అర్థమైంది.

"తర్వాత అడిగాను వాణ్ణి. తనే వదులు చేశానన్నాడు. పలకలు పగిలాయి, సోమవారం కొత్తవి వేద్దామనుకున్నాను, ఆ శని, ఆదివారాలు జనం రైలు లేదు, శనివారం కంకర బండి వస్తుందని తెలీదు అన్నాడు. స్టీలు వంతెన అనుకున్నాడు కాబోలు, నట్టు విప్పినా కదలకుండా ఉండడానికి. పిల్లాడి పొరపాటమ్మా. నాదేముంది, అయిపోయిన జీవితం. వాణ్ణి వదిలెయ్యమంటాను."

హర్షవర్ధన్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "సో, ఎవిడెన్స్‌ని టాంపర్ చేశానని ఆయనే ఒప్పుకుంటున్నారు. బాగుంది. నవీన గారూ, మీ క్లయింట్ తండ్రిని కాపాడడానికి వచ్చి అల్లుణ్ణి కూడా ఇరికించారు. కంగ్రాచ్యులేషన్స్."

సరిగ్గా అప్పుడు లోయ పైభాగం నుంచి సన్నగా ఆవిరి కూత వినిపించింది. ఒకటీ ముప్ఫై.

"ఏంది ఆ చప్పుడు?" అంది నవీన.

"పై స్టేషన్ నుంచి ఎక్స్‌కర్షన్ ట్రెయిన్, ఇవాళ ఇదే ఫస్ట్ ట్రిప్. యాభై ఎనిమిది మంది ప్యాసింజర్లు. ప్రాబ్లమ్ ఈ ఒక్క బ్రిడ్జిదే, మూడో నంబర్ సేఫ్ అని నేను రిపోర్ట్ ఇచ్చాక ఈ ఉదయమే పై సెక్షన్ ఓపెన్ చేశారు. చూశారా, ఒక ఇంజనీర్ పని టైముకి పూర్తి చేస్తే జనానికి ఎంత ఉపయోగమో!"

నవీన అతని బూట్ల వైపు చూసింది. ఆ తర్వాత ముఖం వైపు చూసింది. "మూడో నంబరు దగ్గరికి మీరు పోయిన్రా?"

"ఇన్‌స్పెక్ట్ చేశాను."

"నేను అడిగింది పోయిన్రా అని. వంతెన కూలినంక, ఇయ్యాల కాకుంట, గేటు రిజిస్టర్ల మీరు ఒక్కసారే వచ్చిన్రు. బుధవారం, లోపలికి పది యాభై, బయటికి పదకొండు ఇరవై అయిదు. ముప్ఫై అయిదు నిమిషాలు. ఇక్కడికెల్లి మూడో నంబరుకు పట్టాల మీద నడిస్తే పోవడానికే నలభై నిమిషాలు. మీరు ఎగిరి పోయిన్రా సర్?"

"రెండూ ఒకే సంవత్సరం కట్టినవి. ఒకే చెక్క. రికార్డ్స్ చూసి అసెస్ చేయడం స్టాండర్డ్ ప్రాక్టీస్." అతని గొంతు మొదటిసారి కాస్త తడబడింది. "అక్కడ కుళ్ళిన దుంగ లేదు. అలా అని పెద్దాయన పుస్తకంలోనే ఉంది."

"పొద్దంతా ఆయన పుస్తకం తప్పని చెప్పిన్రు కదా."

అంతలో గట్టు మీద కారు తలుపు చప్పుడైంది. మనురేవా నుంచి నవీనే రమ్మని కబురు పెట్టిన మనిషి, వినీత్. ఇరవై ఏడేళ్ళవాడు, కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. గట్టు దిగుతూ హర్షవర్ధన్‌ని చూసి ఒక్క క్షణం ఆగిపోయాడు. ఆ ఆగడం నవీన కంటపడింది. ఆ ఒక్క క్షణంలో అతని ముఖంలో కనిపించింది భయం, మామగారిని చూసిన భయం మాత్రం కాదు.

"వినీత్, నట్ల సంగతి మామయ్య చెప్పేసిండు," అంది నవీన. "మిమ్ముల అరవడానికి పిలవలే. ఒక్కటే అడుగుత. ఎన్ని నట్లు వదులు చేసిన్రు?"

వినీత్ మామగారి వైపు చూశాడు. లక్ష్మణరావు తల ఊపాడు.

"నాలుగు అక్క. శుక్రవారం రెండు గంటలకు మొదలువెట్టిన."

"అయ్యేసరికి ఎంతయింది?"

"ఆరున్నర."

"నాలుగు నట్లకు నాలుగున్నర గంటలా?"

అతను తడుముకున్నాడు. "ఇక్కడ గంటన్నరల అయిపోయింది. పొద్దు ఇంక ఉండె. మళ్ళ ఇంకోనాడు పానా మోసుకొని పోవుడెందుకని మూడో నంబరుది కూడ అప్పుడే..."

"మూడో నంబర్ మంగళవారం కదా చెయ్యమంది!" అరిచాడు హర్షవర్ధన్.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని అతనికి తెలియడానికి రెండు క్షణాలు పట్టింది. తెలిశాక ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీరా?" అన్నాడు లక్ష్మణరావు. లేచి నిలబడ్డాడు. "వంతెన నట్లు ఒకేసారి నాలుగు విప్పమని చెప్పింది మీరా?"

వినీత్ ఏడుపు గొంతుతో అందుకున్నాడు. "కూలకముందు సొసైటీ సెక్రటరీ దోస్తని వచ్చిండు మామయ్యా. పలకలు పగిలినయి, అన్నీ ఒక్కసారే విప్పిపెట్టు, స్టీలు వంతెనకు మేమట్లనే చేస్తం అన్నడు. కూలినంక ఫోన్ చేసి, నేను చెప్పినట్టు కాయితం లేదు, నా పేరు చెప్తే నీ రెసిడెన్సీ పోతది అన్నడు. లైన్ మొత్తం బంద్ పెట్టిన్రు కదా అని ఊకున్న. తెరిచేలోపల పోయి నేనే బిగిద్దామనుకున్న. బంద్‌ల ఉంది కదా? ఇప్పటికి బందే కదా అక్కా?"

నవీన వాచీ చూసుకుంది. ఒకటీ నలభై రెండు.

"రైలు మూడో నంబరుకు ఎన్నింటికి వస్తది అంకుల్?"

లక్ష్మణరావుకు వినిపించినట్టు లేదు. ఆయన తన రెండు చేతులనూ చూసుకుంటున్నాడు. "నేనా నట్లు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే పోలీసులు చూసేవాళ్ళు," అన్నాడు మెల్లగా. "చూసి, ఆ రోజే మూడోది కూడా వెతికేవాళ్ళు. వీణ్ణి కాపాడానని వారం నుంచి అనుకుంటున్నాను. నేనే మూసిపెట్టాను. నేనే."

"అంకుల్! ఎన్నింటికి?"

"రెండుకి అయిదు నిమిషాలు తక్కువ." ఆయన లోయ వైపు తిరిగాడు. "ఇంజన్లో రేడియో ఉంది కానీ లోయ దిగాక అదీ పలకదు, ఫోనూ అందదు. ఇప్పటికే దిగిపోయుంటుంది. మనిషి వెళ్ళి ఎర్ర జెండా చూపించాల్సిందే."

నవీన అప్పటికే గేటు వైపు పరిగెత్తుతోంది, పోలీసు కారు తాళాల కోసం కానిస్టేబుల్‌ని అరిచి పిలుస్తూ. వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించి తల తిప్పి చూసింది. పరిగెత్తలేనన్న ముసలాయన, అల్లుడి భుజం పట్టుకుని గట్టు ఎక్కి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. పదమూడు నిమిషాలున్నాయి. మూడో నంబరుకు కారు దారి ఉందో లేదో ఆమెకు తెలియదు.